కావలి గాలి డోము ఆకాశం షో: వెళ్లొచ్చు, ఒక్క సీను తప్ప

కావలి ఎగ్జిబిషన్‌లో గాలి నింపిన నల్ల డోము పెట్టారు కదా, మొన్న ఆదివారం మా పాపని తీసుకెళ్లా. టికెట్ 80 రూపాయలు, షో 25 నిమిషాలు. చెప్పులు బయట విడిచి వంగి దూరాలి, లోపల ఫ్యాను హోరు, రెగ్జిన్ వాసన, ఏసీ అన్నారు గానీ లేదు. అయినా లైట్లు ఆరి గొల్లకావడి (ఒరాయన్‌లో వరసగా ఉండే మూడు చుక్కలు) నెత్తి మీదికి వచ్చేసరికి పిల్లలంతా ఒక్కసారిగా "ఓ..." అన్నారు చూడండి, నా డబ్బులు అక్కడే వసూలు.

నా గొడవంతా ఆ తర్వాతి సీనుతోనే. నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మబ్బులో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎదురెదురుగా వచ్చి, ఠక్కున గుద్దుకుని, లడ్డూల్లా అతుక్కుపోతాయి, అణువు పుట్టిందట! అంత తేలికా? కలిసినప్పుడు బయటపడే 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల లెక్కలో శక్తి కొలత) శక్తి ఎటన్నా పోవాలి, పోకపోతే ఆ ఊపుకే మళ్లీ విడిపోతాయి. మన గాలిలాంటి చోటైతే మూడో పరమాణువో అణువో వచ్చి తగిలి ఆ శక్తిని పట్టుకుపోతుంది, అక్కడి పలచటి మబ్బులో ఘన సెంటీమీటరుకి ఓ వంద పరమాణువులుంటే గొప్ప, మూడోది ఎక్కణ్ణించి వస్తుంది? వెలుగుగా వదిలేద్దామన్నా రెండూ ఒకేరకం పరమాణువులు, వెలుగు పుట్టించే ప్లస్-మైనస్ తేడా వాటి మధ్య ఉండదు కాబట్టి ఆ దారీ దాదాపు మూసినట్టే.

పని జరిగేది ధూళి రేణువు మీద. మైక్రాన్‌లో పదో వంతు ఉండే రవ్వ మీద ఒక పరమాణువు వాలి అటూ ఇటూ దేకుతుంటుంది, రెండోది వచ్చి వాలుతుంది, కలుస్తాయి, మిగులు శక్తిలో కొంత రేణువు తీసుకుంటుంది, జంట ఎగిరిపోతుంది. బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద తచ్చాడే ఇద్దరైతే మాటా మాటా కలుస్తుంది, ఎదురెదురు రైళ్లలో ఉంటే చెయ్యి ఊపుకోవడమే కదా. ఈ రేణువు ఊసే లేదు షోలో. అంతరిక్షంలో హైడ్రోజన్ అణువుని మొదట పట్టింది 1970లో, అమెరికా శాస్త్రవేత్త జార్జ్ కరుథర్స్ రాకెట్‌లో పంపిన అతినీలలోహిత పరికరంతో. శ్రీహరికోట రాకెట్లని మిద్దెక్కి చూసే మనకి ఆ ముక్కన్నా చెప్పొద్దూ?

-263 డిగ్రీల చలిలో మిగతా కెమిస్ట్రీని విశ్వకిరణాలు (అంతరిక్షంలో మహా వేగంగా దూసుకుపోయే కణాలు) ఎలా కదిలిస్తాయో మాత్రం బాగా చూపించారు. మన పాలపుంత నడిమధ్యకి దగ్గరున్న సాజిటేరియస్ బి2 అనే మబ్బులో 1975లో ఇథైల్ ఆల్కహాల్ కనిపెట్టారని చెప్పగానే వెనకనుంచి ఒక పెద్దావిడ "అక్కడా సారానేనా, దూబగుంట వాళ్లకి చెప్పాల" అంది (సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన మన జిల్లా ఊరే),  డోమంతా నవ్వులే.

బయటికొచ్చి ఆపరేటర్ కుర్రాణ్ణి అడిగితే "వీడియో పైనించి వస్తాదన్నా, మేం ప్లే చేస్తామంతే" అన్నాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు.

అయిదుకి మూడున్నర. ఆఖరి షోకి వెళ్లండి, ఉక్క తక్కువ. గోడకి మాత్రం ఆనుకోవద్దు, మా పక్కనాయన ఆనుకుంటే గొల్లకావడి కాస్తా వంకర తిరిగిపోయింది.