స్లిమ్మింగ్ టీ: తగ్గేది నీళ్లే, కొవ్వు కాదు

"28 రోజుల్లో నాజూకు నడుము" అంటూ అమ్మే టీ డబ్బా హనుమకొండ నయీంనగర్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్ల కొనొచ్చా అంటే, కొనొద్దు. ఐదు చుక్కల రేటింగులో ఒక్క చుక్క కూడా ఇవ్వం. ఇది ఏ ఒక్క కంపెనీ గురించో కాదు. లోపల సునాముఖి ఆకు ఉన్న ప్రతి టీకీ ఇదే మాట.

డబ్బా ముందు నిమ్మకాయ, మందారపువ్వు బొమ్మలుంటాయి. వెనక్కి తిప్పి సన్నటి అక్షరాలు చదవండి. సెన్నా, సోనాముఖి, స్వర్ణపత్రి, కాసియా అంగుస్టిఫోలియా, ఏ పేరు రాసినా అది మూలికల దుకాణంలో మలబద్ధకానికి అమ్మే ఆకే. అంటే మోషన్లు అయ్యేలా చేసే మందు.

ఆ ఆకులోని సెన్నోసైడ్లు అనే పదార్థాలు పెద్దపేగుకు చేరాకే పని మొదలుపెడతాయి. రాత్రి తాగితే 6 నుంచి 12 గంటల్లో, అంటే తెల్లారేసరికి కడుపు మెలిపెడుతుంది. తిన్న అన్నంలోని శక్తి మాత్రం అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. పోయేది నీళ్లు, ఉప్పులు. లీటరు నీళ్లు కిలో బరువు. తూకంలో ముల్లు దిగింది అందుకే.

అసలు ఉచ్చు ఆ తర్వాత. టీ మానగానే ఎండిపోయిన ఒళ్లు నీళ్లు పట్టుకుంటుంది. కాళ్లు, మొహం ఉబ్బుతాయి, బరువు తిరిగొస్తుంది, మోషన్ రాదు. పిల్ల అది కొవ్వనుకుని మళ్లీ తాగుతుంది, ఈసారి రెండు టీ సంచులు. ఈ వాపు సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో దిగిపోతుంది, బుగులు పడొద్దు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలామంది బయటపడగలరు.

ఎక్కువ భయపడాల్సింది ఆ ఉప్పుల్లో ఒకటైన పొటాషియం పడిపోవడం గురించి. పిక్కలు పట్టేస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, గుండె లయ తప్పుతుంది. నాష్టా మానేసేవాళ్లకు, తిన్నది కక్కేసేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. గుండె దడ, స్పృహ తప్పడం ఉంటే ఆగకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరి ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఏం తాగిందో దాచకుండా చెప్పండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి. రక్తంలో పొటాషియం చూస్తారు, ఈసీజీ తీస్తారు. మోషన్లు ఆగకపోతే లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం వేస్తే ఉప్పు ఎక్కువై ఇంకా నష్టం.

హెర్బల్ అన్న మాటకు ధైర్యపడొద్దు. గుండెకు ముప్పని మన దేశం 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు, మూలికల పేరుతో అమ్మిన సన్నబడే మందుల్లో లేబుల్ మీద లేకుండానే బయటపడిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. డబ్బా మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు తయారీదారు లైసెన్సు మాత్రమే, సన్నబడతారన్న పూచీ కాదు.

నిజంగా బరువు ఎక్కువుందా అన్నది పెద్దవాళ్ల బీఎంఐతో (ఎత్తుకు తగ్గ బరువు లెక్కతో) తేల్చొద్దు. పిల్లల డాక్టరు వయసు, ఎత్తు చూసి గ్రోత్ చార్టులో పెట్టి చెప్తారు. 13-15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 కిలోక్యాలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. ఎదిగే వయసులో ఆకలి వేయడం తప్పు కాదు.

అమ్మానాన్నలూ, డబ్బా దొరికితే తిట్టకండి, తిడితే దాచడం నేర్చుకుంటారు. "లావు" అన్న మాట ఇంట్లో ఆపండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే పిల్లలే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మిగిలిన సంచులు చింపి ఆకు చెత్తబుట్టలో పోసేయండి, గదిలో ఇంకో పిల్ల చేతికి పోనీయకండి.