మేడ మీద మూడేళ్లు: నా ఆరు అంగుళాల డాబ్సోనియన్

డాబ్సోనియన్ అంటే పీట లాంటి స్టాండ్ మీద చేత్తో తిప్పుకునే టెలిస్కోప్. దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లు దాటింది. అద్దం 150 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 1200. మారతహళ్లిలో మేం అద్దెకుంటున్న బిల్డింగ్ మేడ మీదే దాని కాపురం.

"బెంగళూరు లైట్లలో ఏం కనిపిస్తుందండీ?" అని అందరూ అడుగుతారు. నెబ్యులాలకైతే, అంటే అంతరిక్షంలోని మసక మేఘాలకైతే, ఆ మాట నిజమే. చంద్రుడికీ గ్రహాలకీ వీధిదీపాలు పెద్ద అడ్డేమీ కాదు. అడ్డల్లా మేడే. పగలంతా ఎండకు కాలిన స్లాబ్ పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలో గురుడు నీళ్లలో పడ్డ రూపాయి బిళ్లలా వణుకుతాడు. గొట్టాన్ని గంట ముందే పైన పెట్టి, అర్ధరాత్రి దాటాక తీసిన వీడియోలే నాకు పనికొచ్చాయి.

చంద్రుడికి ఫోన్ చాలు. హోల్డర్‌తో, కన్ను పెట్టి చూసే ఐపీస్‌కి బిగించి, ఎక్స్‌పోజర్ తగ్గించి, టైమర్ పెట్టాలి. పున్నమి నాడు మాత్రం దండగ. నీడల్లేక అప్పడంలా ఉంటాడు. శుక్ల నవమి, దశమి రోజుల్లో చూడండి, 93 కిలోమీటర్ల కోపర్నికస్ బిలం లోపలి గోడలు కోనేటి మెట్లలా దిగుతుంటాయి. వినాయక చవితికి మా అమ్మ గొట్టం మీద దుప్పటి కప్పేస్తుంది. నీలాపనిందలు కెమెరాకి కూడానా అంటే, "నొక్కేది నువ్వే కదరా" అంది.

గ్రహాలకు చిన్న కెమెరా, బొమ్మను రెండింతలు చేసే 2ఎక్స్ బార్లో లెన్సు, ల్యాప్‌టాప్ కావాలి. మోటారు లేదు కనక గ్రహం అర నిమిషంలో స్క్రీన్ దాటిపోతుంది. చేత్తో నెట్టుకుంటూ పోవాలి. గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు, అందుకని వీడియో రెండు మూడు నిమిషాలు మించనివ్వను. అందులో మంచి ఫ్రేములు ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చే పని ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ది.

2026 జనవరిలో మిథునంలో ఉన్న గురుడు ఇక్కడ దాదాపు నడినెత్తికి వచ్చాడు. బొమ్మకు అది మంచిదే. కానీ నిట్టనిలువుగా నిలబడ్డ డాబ్సోనియన్‌ను పక్కకు జరపడం నరకం. కాస్త వాలేదాకా ఆగడమే నయం.

అద్దాలను సరైన వరసలో పెట్టుకోవడానికి ఆన్‌లైన్‌లో కొన్న లేజర్ కాలిమేటర్ వల్ల ఆర్నెల్లు పోయాయి. ఐపీస్ పెట్టే ఫోకసర్‌లో దాన్ని పెట్టి తిప్పితే లేజర్ చుక్క ఒకచోట నిలవకుండా గుండ్రంగా తిరిగింది. వంకర ఉన్నది అద్దాల్లో కాదు, ఆ కాలిమేటర్‌లోనే. ఇప్పుడు మధ్యలో బెజ్జం పెట్టిన డబ్బా మూతతోనే సరిచేసుకుంటున్నాను.

2025లో శని వలయాలు సన్నటి గీతలా మిగిలాయి. పక్కింటి పాప "రింగేది అంకుల్?" అంది. ఆ ఏడాదికి అంతే.

మోటారు స్టాండ్ కొనాలని ఉంది, కానీ దీన్ని అమ్మను. ఇలాంటిది కొత్తగా కొనేవాళ్లు మాత్రం మీ లిఫ్ట్ మేడ దాకా వెళ్తుందో లేదో చూసుకోండి. మాది వెళ్లదు.