పిల్లల కోసం చేసిన క్రికెట్ రైఫిల్: పనితనం, భద్రత, వయసు నిబంధన

అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన కీస్టోన్ స్పోర్టింగ్ ఆర్మ్స్ సంస్థ తయారుచేసే క్రికెట్ రైఫిల్ (ఆటకూ ఈ పేరుకూ సంబంధం లేదు) పెద్దల తుపాకీని కుదించి రంగు వేసినది కాదు. పిల్లల భుజాన్నీ, చేతి పొడవునూ దృష్టిలో పెట్టుకుని మొదటినుంచీ వారి కొలతలకే చేసినది. ‘నా మొదటి రైఫిల్’ అన్నది దాని ప్రచార వాక్యం. తుపాకీగా దీనిలో తప్పుపట్టవలసినవి తక్కువే. అయితే దీనిని ఎవరి కోసం కొంటారో, ఏ వయసులో వారి చేతికి ఇస్తారో అన్న ప్రశ్నను పక్కన పెట్టి సమీక్షించడం నిజాయితీ అనిపించుకోదు. అందువల్ల చట్టం గురించి కూడా ఇక్కడ కొంత విస్తారంగానే రాస్తున్నాను.

ముందు పనితనం. బరువు కిలోకు కాస్త ఎక్కువ, మొత్తం పొడవు సుమారు 30 అంగుళాలు, గొట్టం 16 అంగుళాలకు కొంచెం పైన. పాయింట్ 22 (0.22 అంగుళాల వ్యాసం ఉన్న చిన్న) తూటాలు ఒక్కసారికి ఒక్కటే పడతాయి, వరుసగా తూటాలు నింపే అర (మ్యాగజైన్) లేదు. తూటా పెట్టి బోల్ట్ (గొట్టం వెనుక భాగాన్ని మూసే లోహపు కడ్డీ) మూసినంత మాత్రాన తుపాకీ పేలడానికి సిద్ధం కాదు. బోల్ట్ వెనుక ఉన్న పిడిని చేత్తో విడిగా వెనక్కి లాగాలి. ఈ అదనపు మెట్టే దీనిలోని అసలైన గుణం. ఒక తూటాకూ మరో తూటాకూ మధ్య తప్పనిసరిగా విరామం వస్తుంది, పక్కనున్న శిక్షకుడికి చేయి అడ్డుపెట్టే సమయం దొరుకుతుంది. భుజానికి తగిలే దెబ్బ దాదాపు లేనట్టే కాబట్టి పిల్లలు బెదరరు. వెనుక గురి చూసే రంధ్రం సులభంగా అర్థమవుతుంది. ఒక ఇబ్బంది ఏమిటంటే, ఆ పిడి బాగా చిన్న పిల్లల వేళ్లకు బిగువుగా ఉంటుంది. దానిని లాగలేని పిల్లవాడి తరఫున పెద్దవాళ్లు లాగి ఇస్తుంటారు. నా దృష్టిలో అది సాయం కాదు. ఆ పిల్లవాడికి ఇంకా సమయం రాలేదని తుపాకీయే చెబుతోందని అర్థం.

ఇక లోపం. లోపల తూటా ఉందో లేదో బోల్ట్ తెరిచి చూస్తే తప్ప తెలియదు. పెద్దల తుపాకుల్లోనూ ఇది మామూలే కావచ్చు, కానీ గులాబీ, నీలం రంగుల్లో కూడా అమ్మే వస్తువుకు బయటినుంచే కనిపించే సూచిక ఒకటి ఉండవలసింది. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు; దాని ప్రమాదం మైలున్నర దూరం వరకు ఉంటుందని తూటాల పెట్టెల మీదనే హెచ్చరిక ముద్రిస్తారు. ఈ లోపాన్ని సరిదిద్దమని తయారీదారును ఆదేశించగల సంస్థ కూడా అమెరికాలో లేదు. ఆటవస్తువుల నుంచి ఊయలల వరకు పరిశీలించే వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు తుపాకుల మీద అధికారం లేకుండా 1970లలోనే చట్టం చేశారు. బొమ్మ తుపాకీ కొసకు మాత్రం నారింజ రంగు గుర్తు ఉండాలని ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే కేంద్ర) చట్టం నిర్దేశిస్తుంది. బొమ్మకున్నంత నిబంధన అసలుదానికి లేకపోవడం విడ్డూరమే.

వయసు విషయంలో చట్టం ఏమంటుంది? 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న దుకాణదారు 18 ఏళ్లు నిండనివారికి రైఫిల్ అమ్మకూడదు, 21 నిండనివారికి పిస్టల్ అమ్మకూడదు. 18 ఏళ్లలోపువారి దగ్గర పిస్టల్ ఉండటాన్ని 1994లో నిషేధించి, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో సాగే శిక్షణ, వేట వంటివాటికి మినహాయింపులు ఇచ్చారు. రైఫిల్ దగ్గర ఉంచుకోవడానికి మాత్రం ఫెడరల్ చట్టంలో కనీస వయసు అన్నదే లేదు, ఆ సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. అంటే పిల్లల కోసమే చేసిన ఈ రైఫిల్‌ను పిల్లవాడికి అమ్మడం నేరం, కానీ తండ్రి కొని అయిదేళ్ల కొడుకుకు పుట్టినరోజు కానుకగా ఇవ్వడం ఫెడరల్ నేరం కాదు. వయసు లెక్కంతా దుకాణం బల్ల దగ్గరే ఆగిపోతోంది.

2013 ఏప్రిల్‌లో కెంటకీ రాష్ట్రంలోని బర్క్స్‌విల్ వద్ద అయిదేళ్ల బాలుడు, తనకు కానుకగా వచ్చిన ఈ క్రికెట్ రైఫిల్‌తోనే రెండేళ్ల చెల్లెలిని కాల్చాడు, ఆ పాప మరణించింది. తుపాకీ ఇంట్లో ఒక మూలన నిలబెట్టి ఉంది. లోపల తూటా మిగిలి ఉన్న సంగతి పెద్దలు గమనించలేదు. ఇందాక చెప్పిన లోపమూ, చట్టంలోని ఖాళీ కూడా అక్కడ ఒకచోట కలిశాయి.

వయోపరిమితి వద్దనేవారి వాదనను కొట్టిపారేయలేను. పల్లెల్లో వేట కుటుంబ జీవితంలో భాగమనీ, తమ బిడ్డ పరిణతి శాసనసభకన్నా తమకే బాగా తెలుసుననీ, చిన్ననాడే నేర్పితే తుపాకీ మీద కుతూహలం పోతుందనీ వారంటారు. అయోవా రాష్ట్రం 2017లో ఇటువంటి వాదననే అంగీకరించి, 14 ఏళ్లలోపు పిల్లలు కూడా తల్లిదండ్రుల పర్యవేక్షణలో పిస్టల్ వాడవచ్చునని చట్టం మార్చింది. కానీ కుతూహలం గురించిన మాట మాత్రం పరీక్షకు నిలవలేదు. పేలకుండా చేసిన నిజమైన పిస్టల్‌ను ఒక గదిలోని సొరుగులో దాచి, 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిలను అక్కడ వదిలిపెట్టిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. దానిని చేతిలోకి తీసుకున్నవారిలో, ట్రిగ్గర్ నొక్కినవారిలో అత్యధికులు అంతకుముందు తుపాకీ భద్రత గురించి ఏదో ఒక పాఠం విన్నవారే.

అలాగని ఒకే అంకె అన్ని తుపాకులకూ సరిపోదు. 2008లో మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్ తుపాకుల ప్రదర్శనలో ఎనిమిదేళ్ల బాలుడు, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరుసగా పేలే ఉజీ తుపాకీ చేతిలో అదుపు తప్పి తానే మరణించాడు. 2014లో అరిజోనాలోని వైట్ హిల్స్ రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) తొమ్మిదేళ్ల బాలిక చేతిలోని ఉజీ అదుపు తప్పగా శిక్షకుడు చనిపోయాడు. రెండు చోట్లా పక్కన పెద్దలున్నారు, అయినా ఆపగలిగే వ్యవధి దొరకలేదు. వరుసగా పేలే ఆయుధానికి పర్యవేక్షణ చాలదు, గట్టి వయోపరిమితే కావాలి. ఒక్కొక్క తూటా కాల్చే క్రికెట్‌కు పర్యవేక్షణ చాలవచ్చు, కానీ అది నిజంగా ఉండాలి.

కెనడా పద్ధతి నాకు సబబుగా తోస్తుంది: 12 నుంచి 17 ఏళ్లవారికి ప్రత్యేక లైసెన్స్ ఇస్తారు, దానితో తుపాకీని అరువు తీసుకుని వాడవచ్చు, సొంతం చేసుకోకూడదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కూడా 12 ఏళ్ల నుంచే మైనర్ అనుమతి ఇస్తుంది. మన దేశంలో ఆయుధాల చట్టం కింద లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి, శిక్షణలో మాత్రం అంతకన్నా చిన్నవారికి షరతులతో అవకాశం ఉంది. వాడకానికి ఒక వయసు, సొంతానికి మరొక వయసు అన్న ఈ విభజనే అమెరికా రైఫిల్ చట్టంలో కనబడదు.

కాబట్టి రేంజ్‌లో శిక్షణ సాధనంగా క్రికెట్‌కు అయిదులో నాలుగు మార్కులు ఇస్తాను. పిల్లవాడి పేరు చెప్పి ఇచ్చే కానుకగా అయితే ఒక్కటి కూడా ఇవ్వలేను. 12 ఏళ్లలోపు పిల్లల కోసం దీనిని కొనమని ఎవరికీ చెప్పను. కొన్నవారు తూటాలను ఒకచోట, తుపాకీని మరొకచోట తాళం వేసి, రెండు తాళంచెవులనూ తమ దగ్గరే ఉంచుకోవాలి. భుజానికి ఆనే చివర (బట్) నుంచి ట్రిగ్గర్ వరకు పదకొండున్నర అంగుళాలే ఉన్నందున, ఎదిగే పిల్లలకు ఇది కొన్నేళ్లకే పొట్టిదైపోతుంది. రేంజ్‌లో అద్దెకు దొరుకుతుంటే కొనవలసిన అవసరమే లేదు.