పసిపిల్లల మీద ఘోరాలకు ఉరా, చచ్చేదాకా జైలా: ఏది మేలు?

ఎక్కడైనా పసిపాప మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల వెంట కోర్టుకు వెళ్లే సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తున్నానని తెలిసినవాళ్లందరూ అడిగేది ఒక్కటే. "ఇలాంటివాణ్ణి ఉరి తీయకుండా జైల్లో పెట్టి మేపడం ఎందుకండీ?" ఆ కోపంలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. కానీ ఏ శిక్ష వల్ల పిల్లలకు ఎక్కువ మేలు అని అడిగితే మాత్రం నా జవాబు జైలే. అది కూడా ప్రాణం పోయేదాకా బయటికి రానివ్వని జైలు.

చట్టంలో రెండూ ఉన్నాయి. జమ్మూ ప్రాంతంలోని కఠువాలో ఎనిమిదేళ్ల పాపపై అత్యాచారం చేసి చంపిన ఘటన తర్వాత 2018లో, పన్నెండేళ్లలోపు ఆడపిల్లలపై అత్యాచారానికి మరణశిక్ష దాకా వేయొచ్చని మార్చారు. 2019 పోక్సో సవరణతో మగపిల్లల విషయంలోనూ అదే వచ్చింది. ఇప్పుడు పోక్సో ఆరో సెక్షన్ కింద కనీసం 20 ఏళ్లు, ఆపైన బతికినంత కాలం జైలు, లేదా ఉరి. "యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లేగా" అని చాలామంది అంటారు. ఈ సెక్షన్ కింద వేసే యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని చట్టంలోనే రాసి ఉంది. మన పోలిక ఉరికీ, పద్నాలుగేళ్ల జైలుకీ మధ్య కాదు. ఉరికీ, జైల్లోనే పోవడానికీ మధ్య.

ఉరి కావాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. కొన్ని నేరాలు వింటే మనిషికి నిద్ర పట్టదు. 2019 జూన్‌లో హన్మకొండలో తల్లిదండ్రుల పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పాపను ఎత్తుకెళ్లి చంపిన కేసు గుర్తుందిగా. వరంగల్ కోర్టు రెండు నెలలైనా తిరక్కుండా, ఆగస్టులోనే ఉరిశిక్ష వేసింది. ఆ రోజు జనం ఊపిరి పీల్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. వెంటనే అందరూ "శిక్ష తగ్గించేశారు" అన్నారు. అదే శిక్ష మొదటి రోజునే వేసి ఉంటే న్యాయం జరిగిందనేవాళ్లు. ఉరితో మొదలుపెట్టడం వల్ల అంత కఠినమైన శిక్ష కూడా ఓటమిలా కనిపించింది. పైకోర్టులో ఏమవుతుందోనన్న టెన్షన్ ఆ ఇంటిని ఇంకో మూడు నెలలు పట్టి ఉంచింది. మూడు నెలల్లో తేలిపోవడం కూడా అరుదే.

మామూలుగా అయితే అది ఏళ్లకు ఏళ్లు. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేయాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు, అక్కడే మళ్లీ చూడమనే రివ్యూ, ఆఖరి అవకాశంగా క్యూరేటివ్ పిటిషన్, క్షమాభిక్ష. మహారాష్ట్రలో పిల్లల్ని ఎత్తుకెళ్లి చంపిన అక్కాచెల్లెళ్లకు 2001లో ఉరి వేశారు, 2006లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, 2014లో క్షమాభిక్ష తోసిపుచ్చారు. అంత జరిగాక 2022లో, క్షమాభిక్ష తేల్చడంలో ప్రభుత్వాలు చేసిన ఆలస్యం కారణంగా, బొంబాయి హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2004లో కోల్‌కతాలో స్కూలు విద్యార్థిని కేసులో ధనంజయ్ ఛటర్జీని ఉరి తీశారు. ఆ నేరం జరిగింది 1990లో. ఆ తర్వాత దేశంలో అమలైన ఉరిశిక్షలు ఏడు. మూడు ఉగ్రవాద కేసులవి, నాలుగు నిర్భయ కేసువి. చిన్నపిల్లల కేసులో ఒక్కటీ లేదు. కాగితం మీద ఉరి ఉంది కదా అని భయపడి ఆగేవాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. పట్టుబడతానని నమ్మితేనే అలాంటివాడు ఆగుతాడు.

తప్పు మనిషిని తీస్తే వెనక్కి తేలేం అనేది పాత వాదనే. కానీ దానికి నిఠారీ కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఢిల్లీ పక్కన నోయిడాలోని ఆ ఊళ్లో పిల్లల ఎముకలు దొరికిన కేసులో సురేంద్ర కోలీని ఉరి తీయాలని దేశమంతా కోరుకుంది. 2014 సెప్టెంబరులో మీరట్ జైల్లో అంతా సిద్ధమయ్యాక, అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు ఆపింది. 2023లో అలహాబాద్ హైకోర్టు, చివరికి 2025లో సుప్రీంకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేశాయి. మరి ఆ పిల్లల్ని చంపిందెవరు? ఆ తల్లిదండ్రులకు ఈ రోజుకీ జవాబు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా మనసు ఒకవైపుకు తేల్చిన కారణం వేరే ఉంది. దాన్ని టీవీ చర్చల్లో ఎవరూ ఎత్తరు.

పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లే. బాబాయి, మేనమామ, పక్కింటి అన్నయ్య, ట్యూషన్ మాస్టారు. ఒక్కోసారి కన్నతండ్రి. పార్కులో పొంచి ఉన్న ముక్కూమొహం తెలియని రాక్షసుణ్ణి ఊహించుకుని మనం ఉరి అడుగుతాం. చట్టం మాత్రం ఎక్కువగా ఇంట్లోవాళ్ల మీదే పనిచేయాలి.

ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పాపకు పదేళ్లు. నిందితుడు బాబాయి. మేజిస్ట్రేటు ముందు పాప జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కొన్ని నెలలకు సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో నీళ్ల సీసా, దాని మీది కాగితాన్ని గోటితో కొంచెం కొంచెం చింపుతోంది. నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తిట్టలేదు, కొట్టలేదు. పాప తల నిమురుతూ అంది: "టీవీలో చెప్పారమ్మా, ఇలాంటి కేసుల్లో ఉరేస్తారంట. నీ నోటి మాట మీదే మీ బాబాయి మెడకు తాడు పడుద్ది. నువ్వే ఆలోచించుకో తల్లీ." నేను ఆమెను అక్కణ్ణుంచి పంపించేలోపే ఆ మాట పడిపోయింది. లోపల జడ్జిగారు ఎంత మెల్లగా అడిగినా పాప ఒకటే చెప్పింది: "ఏమీ జరగలేదు మేడమ్." కేసు నిలబడలేదు. ఆ బాబాయి ఆ ఇంటికే తిరిగి వెళ్లాడు.

నిజానికి ఆ కేసులో ఉరి పడే అవకాశమే లేదు. అయినా ఆ మాట పనిచేసింది. జైలు అన్నా నోరు మూయించేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ "బాబాయి జైలుకెళ్తాడు" అంటే "తప్పు చేశాడు కాబట్టి వెళ్తాడు, నువ్వు పంపడం లేదు" అని నేను పాపకు చెప్పగలను. చాలామంది పిల్లలు ఆ మాటతో ధైర్యం తెచ్చుకుంటారు. "నా వల్ల చచ్చిపోతాడు" అని నమ్మిన పదేళ్ల పిల్లకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. తల్లులూ అంతే. మొగుడి తమ్ముణ్ణి జైలుకు పంపడానికి గుండె రాయి చేసుకునే తల్లి, అత్తింట్లో శవం లేస్తుందంటే స్టేషన్ మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2008లో కెనెడీ వర్సెస్ లూసియానా కేసులో, బిడ్డ చనిపోని అత్యాచార కేసుల్లో మరణశిక్ష చెల్లదంటూ చూపిన కారణాల్లో ఇదీ ఒకటి: మరణశిక్ష ఉంటే ఫిర్యాదులు తగ్గొచ్చు. ఇంకొకటీ చెప్పింది. అత్యాచారానికీ హత్యకీ శిక్ష ఒకటే అయితే నేరగాడికి బిడ్డను ప్రాణాలతో వదలడానికి కారణం మిగలదు. ఇంట్లో ఏకైక సాక్షి ఆ బిడ్డే అయినప్పుడు ఈ మాట తలచుకుంటేనే నాకు వణుకొస్తుంది.

ఉరి వైపు నాకు గట్టిగా తగిలే ఎదురు ప్రశ్న ఒకటుంది: జైల్లో పెట్టినా రేపు ఏ ప్రభుత్వమో వదిలేస్తే? భయం ఉత్తది కాదు. 2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురైన బిల్కిస్ బానో కేసులో, మూడేళ్ల కూతుర్ని కూడా చంపిన ఆ కేసులో, 2022లో గుజరాత్ ప్రభుత్వం పదకొండు మందిని వదిలింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి మళ్లీ జైలుకు పంపింది. మన కోపం ఇక్కడ పనికొస్తుంది. ఉరి కోసం ధర్నాలు చేసే శక్తిలో సగం, క్షమాభిక్ష జాబితాల మీద కన్నేసి ఉంచడానికి పెట్టాలి. 2015 శ్రీహరన్ తీర్పు ప్రకారం, రెమిషన్ (శిక్షా కాలం తగ్గింపు) లేకుండా ఇన్నేళ్లు లేదా చివరిదాకా అని హైకోర్టు, సుప్రీంకోర్టు ఆదేశించవచ్చు. హన్మకొండ కేసులో హైకోర్టు వేసింది అలాంటి శిక్షే.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. ఎన్‌కౌంటర్ కావాలనేవాళ్లు, 2019 దిశ కేసు ఎన్‌కౌంటర్ మీద సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పిందో చదవండి. పోలీసులు చంపాలనే కాల్చారని చెప్పింది. నిందితుడే దోషి అని తేల్చకుండా చంపడాన్ని నేను ఏ బిడ్డ పేరు మీదా ఒప్పుకోలేను. మందులతో పుంసత్వం తీసేయడాన్ని జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే వద్దంది. ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లులో 21 పనిదినాల్లో కేసు తేల్చాలన్న గడువు నాకు నచ్చింది, కానీ దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. పోక్సోలో ఇప్పటికే గడువులు ఉన్నాయి: పిల్లల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ ఏడాదిలో. అవి పాటిస్తే నాయనమ్మలకు అన్ని నెలల సమయం దొరకదు.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటిది జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సీడబ్ల్యూసీని (బాలల సంక్షేమ కమిటీని) అడిగి సపోర్ట్ పర్సన్‌ను పెట్టించుకోండి. పాప ముందు ఎవరూ ఉరి మాట ఎత్తకుండా చూడండి, కోపంతోనైనా సరే. శిక్ష మీద వాదనలు జరిగే రోజున పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ముందే చెప్పండి, ఆరో సెక్షన్ కింద మిగిలిన జీవితమంతా జైలు అడగమని. శిక్ష చాలలేదని బాధితులు నేరుగా అప్పీలుకు వెళ్లే హక్కు చట్టంలో లేదు, ప్రభుత్వమే వెళ్లాలి. కాబట్టి ఆ మాట ఆ రోజే రికార్డులోకి ఎక్కాలి.