సెల్స్‌తో నడిచే ఫ్రాదర్: రెండేళ్లు దాటాక

మా ఇంట్లో డికాక్షన్ దిగేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, పాలు, అంతే. ఆ కాఫీ మీదే వేలి మందం నురగ చివరి గుక్కదాకా నిలుస్తుందంటే కొనకముందు నమ్మేదాన్ని కాదు. చేత్తో పట్టుకుని పాలను గిరగిరా తిప్పి నురగ తెప్పించే ఈ ఫ్రాదర్ మీద నాకున్న ఇష్టమంతా ఆ నురగ వల్లే.

మా వాడకట్టులో పోసే బర్రె పాలతో మాత్రం తంటా. కాచి పక్కన పెడితే మందంగా మీగడ కట్టి ఫ్రాదర్ కడ్డీ చివర తిరిగే స్ప్రింగుకు చుట్టుకునేది. ముల్కనూరు డెయిరీ టోన్డ్ ప్యాకెట్‌కు మారాక కుదిరింది. నురగను పట్టి నిలిపేది పాలలోని ప్రొటీన్, వెన్న కాదు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే. మరిగిన పాలలో వెంటనే పెట్టొద్దు. 60-65 డిగ్రీలకు, అంటే గ్లాసు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే వేడికి దిగాక తిప్పితే బుడగలు సన్నగా వస్తాయి.

నిరుడు దసరాకు మా ఆడబిడ్డ పిల్లలు హనుమకొండకు వచ్చి, "అత్తమ్మా, నురగ కాఫీ కావాలె" అన్నారు. స్విచ్ నొక్కితే చిన్నగా మూలిగి ఆగిపోయింది. మూత తీస్తే ఒక సెల్ కారి, లోపలి రేకు మీద తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. మా మరిది ఇయర్ బడ్‌తో నిమ్మరసం అద్ది, పొడి అంతా కరిగించి తుడిచి ఆరబెట్టాడు. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం కాబట్టి పులుపుకు విరుగుతుందట. కిరాణా షాపులో గోడ గడియారాల సెల్స్ తెచ్చి వేస్తే తిరిగింది గానీ పాలలో ముంచగానే నీరసపడింది. గడియారానికి చుక్క కరెంటు చాలు, ఈ మోటారు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, ఆ సెల్స్ ఇవ్వలేవు. చివరికి పిల్లల కారు బొమ్మలోని రీచార్జబుల్ సెల్స్ వేశాం. వాటి మీద 1.2 వోల్టులనే ఉంటుంది, మామూలు వాటికి 1.5. అయినా బరువు పడ్డప్పుడు తగ్గకుండా తిప్పాయి! అప్పటినుంచి అవే వాడుతున్నా. ఊరికి పోయేటప్పుడు తీసి పక్కన పెడతా.

చివరి గుక్కదాకా నురగ అన్నాను కదా, అది ఒకటి రెండు కప్పులకే. ఆ దసరా రోజు ఐదో కప్పు తిప్పేసరికి మొదటి కప్పులో నురగ పలచబడింది. ఈ మధ్య కడ్డీ కూడా కాస్త ఊగుతోంది. వెడల్పు గిన్నెలో తిప్పితే పొయ్యి గట్టంతా పాలే, పొడుగు స్టీలు గ్లాసే నయం. ఎండాకాలం ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలతో కోల్డ్ కాఫీకి మాత్రం ఇప్పటికీ వంక పెట్టలేను.

మేం కాఫీ తాగేది ఇద్దరమే, అదీ పొద్దున ఒకసారి, అందుకే మాకు సరిపోయింది. ఇంటినిండా మనుషులుండి, అందరూ చాయ్ తాగేవాళ్లయితే నేను కొనమనను. ఇది పూర్తిగా పాడైతే ఈసారి చార్జింగ్‌ది తీసుకుంటా.