సేంద్రియ కర్బనం పెరగాలంటే ఏది మేలు: పశువుల ఎరువా, దుక్కి మానడమా, పచ్చిరొట్టా?

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం (ఆకూ వేరూ పేడా కుళ్లాక నేలలో మిగిలే కర్బనం) తక్కువని రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఇదే. మూడూ మంచివే అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ డబ్బూ, నీళ్లూ, తీరికా మూడింటికీ ఒకేసారి చాలవు. ముందు దేన్ని పట్టుకోవాలో తేల్చుకోక తప్పదు.

మట్టి పరీక్ష కార్డు మీద కర్బనం అంకె పెరగడమే లక్ష్యమైతే పశువుల ఎరువును మించింది లేదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఒక గోధుమ పొలం 1843 నుంచి ప్రయోగంలో ఉంది. ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తూ వచ్చిన మడిలో కర్బనం, ఏమీ వేయని మడిలో ఉన్నదానికి రెట్టింపు దాటింది. అయితే ఆ 35 టన్నులంటే ఎకరాకు 14 టన్నులు, అదీ ఏటేటా. అంత ఎరువు ఎవరి దగ్గరుంది? ఉన్నా, అది ఇంకెక్కడో పెరిగిన గడ్డి, దాణా నుంచి వచ్చిందే. మన చేలో చేరిన కర్బనం మరో చేను వదులుకున్నదే. పూర్తిగా సారం చచ్చిన నేలను తిరిగి లేపడానికి మాత్రం దీనికి సాటి లేదని ఒప్పుకుంటాను.

దుక్కి మానడం మీద ఈమధ్య ఆశలు ఎక్కువయ్యాయి. దున్నితే మట్టి గడ్డల లోపల దాగి ఉన్న కర్బనం బయటపడి, సూక్ష్మజీవులకు ఆహారమై గాలిలో కలుస్తుందన్నది నిజమే. రోటవేటర్‌తో పిండి చేసిన నేల ఒక్క గట్టి వాన పడితే అట్టకట్టి మొలకను పైకి రానివ్వదు. కానీ దున్నని చేలలో పెరిగినట్టు కనిపించే కర్బనంలో చాలా భాగం పై నాలుగంగుళాల్లోనే ఉంటుంది. కింది పొరలో దున్నిన చేనులోనే కాస్త ఎక్కువగా ఉన్న సందర్భాలు చాలా ఉన్నాయి. రెండు పొరలూ కలిపి కొలిస్తే తేడా బాగా తగ్గిపోతుంది. పైగా పంట చెత్తంతా తీసేసి, నేలను బోసిగా వదిలి, దుక్కి ఒక్కటే మానేస్తే లాభం లేదు. అలాంటి నేల గట్టిపడిపోతుంది, కలుపు చెప్పక్కర్లేదు. చెత్త నేల మీదే ఉంచగలిగినవాళ్లకే ఈ పద్ధతి కలిసొస్తుంది.

నా లెక్కలో అసలు తేల్చేది వేరొకటి ఉంది: ఏడాదిలో ఎన్ని నెలలు నేలలో బతికున్న వేరు ఉంటోంది? పైన పడిన ఆకూ కొమ్మా కుళ్లి చాలా వరకు గాలిలోకే పోతాయి. వేరు నుంచి వచ్చే కర్బనం అంతకంటే ఎక్కువ కాలం నేలలో నిలుస్తుంది, ఎందుకంటే అది మట్టి రేణువుల మధ్యే పుడుతుంది. వేరు స్రవించే జిగురు, వేళ్లను అల్లుకున్న శిలీంధ్రాల పోగులు మట్టిని చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతాయి. ఆ గుళికల మధ్య ఖాళీల్లోంచే నీరు ఇంకుతుంది, గాలి ఆడుతుంది, వేరు లోతుకు దిగుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే రెండు గాజు గ్లాసుల నీళ్లు చాలు. గట్టు మీద గడ్డి వేళ్ల మధ్య నుంచి ఒక గడ్డ, దున్నిన సాలులోంచి అంతే పరిమాణంలో ఇంకో గడ్డ తీసి, నీడలో బాగా ఆరనిచ్చి, నెమ్మదిగా నీళ్లలో వేయండి. సాలులోని గడ్డ సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే కరిగి అడుగున బురదవుతుంది. గట్టు మీది గడ్డ చాలాసేపు అలాగే నిలబడుతుంది, నీళ్లు కూడా తేటగా ఉంటాయి. రెండూ ఒకే నేలవి. తేడా చాలావరకు వేరూ, దున్నకపోవడమూ చేసిన పనే.

అందుకే నా మొగ్గు పచ్చిరొట్ట వైపు, అంటే రెండు పంటల మధ్య ఖాళీలో పెంచి నేలలో కలియదున్నే పైరు వైపు. కాకపోతే దాని నుంచి ఏం ఆశించాలో ముందే తెలిసి ఉండాలి. రెండు పంటల మధ్య వేసే పైరు వల్ల ఏటా హెక్టారుకు సగటున 0.32 టన్నుల కర్బనం పెరుగుతుందని పొప్లావ్, డాన్ అనే శాస్త్రవేత్తలు 2015లో అనేక ప్రయోగాల ఫలితాలు కలిపి లెక్కగట్టారు. ఎకరాకు దాదాపు 130 కిలోలు. ఒక ఎకరంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 790 టన్నులు తూగుతుంది. కర్బనం అర శాతం నుంచి ఒక శాతానికి చేరాలంటే నాలుగు టన్నులు కావాలి, అంటే ముప్ఫై ఏళ్లు. ఈ లెక్క చూసి నిరాశపడొద్దు. నేల గుల్లబారడం, నీరు ఇంకడం అంకె కంటే చాలా ముందే మారతాయి.

జనుము, జీలుగ లాంటివి లేతగా కలియదున్నితే నత్రజని త్వరగా అందుతుంది గానీ కర్బనం పెద్దగా మిగలదు. మనకు కావాల్సింది కర్బనమైతే పూతదాకా ఉంచాలి, వాటితోపాటు జొన్న జాతి పైరు ఏదైనా కలిపి చల్లాలి. పీచు వేళ్లు మట్టిని పట్టినంత గట్టిగా తల్లివేరు పట్టలేదు. నీటి ఎద్దడి ఉన్నచోట మాత్రం తర్వాతి పంటకు కావాల్సిన పదును (నేలలోని తేమ) పచ్చిరొట్టే తాగేస్తుంది. అక్కడ చెత్త కప్పడమే మేలు.

బయోచార్ గురించీ, అంటే పంట చెత్తను గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు గురించీ అడుగుతున్నారు. నేలలో చాలా కాలం నిలుస్తుంది, నిజమే. ఎకరాలకు సరిపడా తయారుచేయడం మాత్రం అందరివల్లా కాదు.

వీటన్నిటికంటే ముందు, ఉన్నది పోగొట్టుకోకుండా చూసుకోవాలి. 2002లో గువో, గిఫర్డ్ అనే ఇద్దరు 74 అధ్యయనాలను కలిపి చూస్తే, పచ్చికబయలు దున్ని పంట వేసినచోట నేల కర్బనం సగటున 59 శాతం తగ్గింది. పంట భూమిని తిరిగి పచ్చికగా మార్చినచోట పెరిగింది 19 శాతమే. చేను కాస్త పెద్దదవుతుందని గట్టునో, బీడునో కలిపి దున్నేముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఏ దారి ఎంచుకున్నా మట్టి నమూనా ఏటా తీయక్కర్లేదు, మూడు నాలుగేళ్లకోసారి చాలు. అదే నెలలో, అదే లోతు నుంచి, ఎరువు వేసిన వెంటనే కాకుండా తీయాలి. లేకపోతే వచ్చిన అంకెను పాతదానితో పోల్చలేం.