రేగడి నేల మీద ప్లాస్టిక్ పచ్చిక: మా మల్లితో మూడున్నరేళ్ళు

పోగు పొడవెంత, రంగేది, గ్యారంటీ ఎన్నేళ్ళు అన్నవి అమ్మేవాళ్ళే చెప్తారు. నేను దాని కింద ఉన్న నేల గురించే రాస్తాను. నాకు ఇప్పటికీ కోపం చల్లారనిది ఆ విషయంలోనే.

మేముండేది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో. మా మల్లి లాబ్రడార్, ఇప్పుడు ఆరేళ్ళది. పెరట్లో బెర్ముడా గడ్డి ఉన్నన్నాళ్ళూ అది ఉచ్చ పోసిన చోటల్లా మాడిపోయేది. చినుకు పడితే చాలు, నాలుగు కాళ్ళకూ నల్లటి బంకమట్టి. 2021 అక్టోబరులో 500 చదరపు అడుగుల దాకా టర్ఫ్, అంటే ప్లాస్టిక్ పచ్చిక వేయించాం. ఆ చలికాలమంతా ఇంట్లో ఒక్క మట్టి అడుగు పడలేదు. ఆ సంతోషంలో మట్టి అడుగులుండవని, ఏడాది పొడుగునా వాడుకోవచ్చని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. నా మాట విని ఇద్దరు వేయించుకున్నారు కూడా.

2022 వేసవిలో డాలస్ ప్రాంతంలో రెండు నెలలకు పైగా వాన లేదు. జూలైకల్లా పెరట్లో అమోనియా వాసన మొదలైంది. పైపు పెట్టి కడిగేదాన్ని, ఎంజైమ్ మందు చల్లేదాన్ని. రెండు రోజులు ఫరవాలేదనిపించి మళ్ళీ మామూలే. అప్పుడే నాన్న సత్తెనపల్లి నుంచి వచ్చారు. ఫెన్స్ పక్కన నేల నెర్రెలిచ్చిన చోట వంగి, సందులో వేలు పెట్టి చూసి, "ఇది మన రేగడేనమ్మా" అన్నారు. ఇక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టిదీ మన పత్తి చేలదీ ఒకటే గుణం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది.

ఆగస్టు 21 రాత్రి పట్టుకున్న వాన మర్నాడు కూడా వదల్లేదు. డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర 24 గంటల్లో 9 అంగుళాలకు పైగా పడింది. తెరిపి ఇచ్చాక చూస్తే టర్ఫ్ మీద నీళ్ళు నిలవలేదు. హమ్మయ్య అనుకున్నాను. మల్లి తనకు అలవాటైన మూలకు వెళ్ళి కాలు మోపింది. పచ్చిక మెత్తగా కుంగి, దాని పాదం చుట్టూ నురగ నీళ్ళు పైకొచ్చాయి. మూడో రోజు ఎండ కాసేసరికి ఆ వాసనకు వెనక తలుపు తియ్యలేకపోయాం.

నాన్నా నేనూ ఆ మూల మేకులు పీకి టర్ఫ్‌ను నాలుగడుగుల మేర వెనక్కి మడిచాం. కళ్ళు భగ్గుమన్నాయి. టర్ఫ్ వేసినవాళ్ళు దాని కింద సున్నపురాయి కంకరను పొడితో సహా పోసి, దిమ్మిస కొట్టి పరిచారు. అది కింది రేగడితో కలిసి బూడిదరంగు ముద్దయిపోయింది. నాన్న స్క్రూడ్రైవర్ గుచ్చి తీస్తే ఆ రంధ్రంలో నీళ్ళు ఊరి పైదాకా వచ్చాయి. పక్కనే అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపాం. తెల్లారి చూస్తే రెండంగుళాలు కూడా ఇంకలేదు.

టర్ఫ్ వెనక చిల్లుల్లోంచి నీళ్ళు చకచకా దిగిపోతాయని అమ్మినవాళ్ళు చెప్పిన మాట అబద్ధం కాదు. దిగిన నీళ్ళు ఎటు పోవాలన్నది ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. రేగడిని గొయ్యిలా తవ్వి కంకర నింపితే అది తొట్టే. వాన నీళ్ళూ ఉచ్చా అందులోనే నిలిచాయి. మూత్రంలో ఉన్న యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మారుస్తాయి. వాటికి కావలసిన తడీ వెచ్చదనమూ అక్కడ దండిగా ఉన్నాయి. పైన చల్లిన మందు ఆ పొర దాకా దిగనే లేదు.

వేసినవాళ్ళకు ఫోన్ చేస్తే, 15 ఏళ్ళ గ్యారంటీ పచ్చికకే గాని నేలకు కాదన్నారు. కాగితం తీసి చదివితే అలాగే ఉంది. కుక్క కోసమే వేయించుకుంటున్నామని మొదటి రోజే చెప్పాం. మట్టి ఏమిటో ఒక్క గుంట తీసి చూసి ఉంటే సరిపోయేది. నేను చెప్పగా వేయించుకున్న ఆ ఇద్దరికీ ఆ వారమే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆ ఫోన్లు చేయడం నాకు కష్టంగానే అనిపించింది.

రెండోసారి పని వేరేవాళ్ళకు ఇచ్చాం. "ముందు నీళ్ళకు దారి చూపించమ్మా, మిగతాది తర్వాత" అన్నది నాన్న మాట. మా మిరప చేలో నిలిచిన నీళ్ళు తీయడానికి ఆయన ఎన్ని కాలవలు తవ్వారో చిన్నప్పటి నుంచీ చూశాను. ఈసారి పొడి లేని, కడిగిన కంకర పోయించాం. అది రేగడిలో కూరుకుపోకుండా కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు దిగనిచ్చి మట్టిని ఆపేది) పరిచారు. ఇంటి గోడ నుంచి అవతలికి అడుగుకు పావంగుళం చొప్పున వాలు పెట్టి, పల్లపు అంచున చిల్లుల గొట్టం వేసి ఇంటి వెనక సందు వీధిలోకి వదిలారు. పక్కింటి స్థలంలోకి నీళ్ళు మళ్ళించి నష్టం చేస్తే టెక్సాస్ చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆ సందు ఉండటం మా అదృష్టం. పచ్చిక పోగుల మధ్య మొదట నింపిన ఇసుక తీసేసి జియోలైట్ అనే ఖనిజపు రవ్వ చల్లారు. అది అమోనియంను (తడిలో అమోనియా మారే రూపం) పట్టి ఉంచుతుంది గాని దానికీ ఒక హద్దుంది, నిండితే ఇంక పట్టదు. అందుకని వేసవిలో వారానికి రెండుసార్లు నీళ్ళు పట్టి కడుగుతాను. ఖర్చు మొదటిసారి అయినదానిలో సగానికి పైనే అయింది.

అప్పటినుంచి ఆ వాసన రాలేదు. బాగా ఎండలు కాసి పది రోజులు కడగకపోతే మాత్రం ఆ మూల కొద్దిగా తెలుస్తుంది.

మట్టి అడుగులు లేవని నేను మెచ్చుకున్నది ఇవాళ్టికీ నిజం. ఏడాది పొడుగునా వాడుకోవచ్చన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. జూలై మధ్యాహ్నం టర్ఫ్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేం. మల్లి ఫెన్స్ నీడ దాటి రాదు. ఇంకొకటి, టర్ఫ్ వేసిన మేర స్ప్రింక్లర్లు మూసేశాం కదా, రెండో వేసవికి పునాదికీ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు పడింది. ఇప్పుడు గోడ వెంబడి నీళ్ళు సన్నగా ఊరే పైపు పరిచి నేల మరీ ఎండకుండా చూసుకుంటున్నాం. అంచులు ఏటా కాస్త లేస్తాయి, మేకులు మళ్ళీ కొట్టాల్సి వస్తుంది.

మాది ఒక్క కుక్క. పెరటి వెనక పల్లం ఉంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి కడగడానికి తీరిక దొరుకుతుంది. ఈ లెక్కన మాకు సరిపోయింది. రెండు మూడు కుక్కలుండి, చుట్టూ ఫెన్స్ కట్టిన చదును పెరడైతే వేయించుకోమని నేను చెప్పలేను. అలాంటి పెరడే మాదైతే, మల్లి మూల వరకు గులకరాళ్ళు పోయించి మిగతాది గడ్డికే వదిలేసేదాన్నేమో. ఏదేమైనా బయానా ఇచ్చే ముందు పెరట్లో అడుగు లోతు గుంట తీసి, నీళ్ళు పోసి, తెల్లారి చూడండి. నేను ఆ గుంట పది నెలలు ఆలస్యంగా తీశాను.